ఆటోడాక్ వీనా రివ్యూ: పోజు చూడండి, స్కోరుతో జాగ్రత్త

కంప్యూటర్‌లో మందులు వెతకాలనుకునేవాళ్లు మొట్టమొదట డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఆటోడాక్ వీనాయే. ఒక ప్రోటీన్ నిర్మాణం, ఒక చిన్న అణువు ఇస్తే ఇది రెండు సంగతులు చెబుతుంది. ఆ అణువు ప్రోటీన్ గుంటలో ఏ భంగిమలో కూర్చుంటుంది? ఎంత గట్టిగా అతుక్కుంటుంది? మొదటిదానికి ఇచ్చే జవాబు చాలాసార్లు బాగుంటుంది. రెండోదానికి ఇచ్చే జవాబే జనం కొంప ముంచుతోంది. రోజూ దీనితోనే పనిచేసే కంప్యూటేషనల్ కెమిస్టుని కాబట్టి, మొదటిదాన్ని మెచ్చుకుని, రెండోదాని మీద కాస్త ఎక్కువసేపు విసుక్కుంటాను.

దీన్ని తయారుచేసింది అమెరికాలోని స్క్రిప్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఓలెగ్ ట్రాట్, ఆర్థర్ ఓల్సన్. పేపర్ 2010లో జర్నల్ ఆఫ్ కంప్యూటేషనల్ కెమిస్ట్రీలో వచ్చింది. అదే ల్యాబ్ నుంచి అంతకుముందు వచ్చిన ఆటోడాక్ 4 కన్నా సుమారు వంద రెట్లు వేగం. క్రిస్టల్ నిర్మాణం (ఎక్స్-రేతో తేల్చిన అసలు ఆకారం) తెలిసిన 190 ప్రోటీన్-అణువు జతల మీద పరీక్షిస్తే, అసలు భంగిమకి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (మీటరులో వెయ్యి కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) లోపు వచ్చినవి ఆటోడాక్ 4కి 49 శాతం, వీనాకి 78 శాతం. చాలా ఏళ్లు 1.1.2 వెర్షనే అందరి మెషిన్లలో తిరిగింది. 2021లో 1.2 వచ్చాక పైథాన్ నుంచి నేరుగా పిలుచుకునే వీలు, ఒకే గుంటలో ఒకేసారి రెండు అణువుల్ని కూర్చోబెట్టే వీలు, పెద్ద రింగులున్న అణువుల్ని వంచే వీలు వచ్చాయి. అపాచీ లైసెన్సు కాబట్టి స్టూడెంట్లకే కాదు, కంపెనీలకీ ఉచితమే. సోర్స్ కోడ్ కూడా చేతిలో ఉంటుంది. ఈ రంగంలో కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సు ఖర్చు తెలిసినవాళ్లకి ఇది ఎంత పెద్ద మేలో వేరే చెప్పక్కర్లేదు.

డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే రంగుల కిటికీ ఏదీ ఉండదు. కమాండ్ లైన్‌లో నడుస్తుంది. ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో ప్రోటీన్ ఫైలు పేరు, అణువు ఫైలు పేరు, ఎక్కడ వెతకాలో చెప్పే బాక్స్ మధ్యబిందువు, దాని కొలతలు రాసి ఎంటర్ కొడితే నల్లటి తెర మీద నక్షత్రం గుర్తులు ఒక్కొక్కటే వరుసగా పడుతూ కుడివైపుకి పాకుతాయి. ఆ వరుస నిండగానే తొమ్మిది భంగిమలు, వాటి ఎదురుగా స్కోర్లు ఉన్న పట్టిక వస్తుంది. అంతే. మామూలు ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు.

డాకింగ్, అంటే అణువుని గుంటలో ఇలా కూర్చోబెట్టి చూసే లెక్క, నడవడానికి నిమిషాలు చాలు, దానికి ముందు తయారీకే తలప్రాణం తోకకొస్తుంది. ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి దించిన ఎక్స్-రే నిర్మాణాల్లో సాధారణంగా హైడ్రోజన్లు ఉండవు, కొన్ని చోట్ల అమైనో ఆమ్లాల పక్క కొమ్మలు, అంటే సైడ్ చెయిన్లే మాయం. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి హైడ్రోజన్ ఏ నైట్రోజన్ మీద పెట్టాలో, లేక రెండిటి మీదా పెట్టాలో మనమే తేల్చాలి. ఏ నీటి అణువు ఉంచాలో, ఏది తీసేయాలో కూడా మనమే. అంతా అయ్యాక పీడీబీక్యూటీ అనే ప్రత్యేకమైన ఫార్మాట్‌లోకి మార్చాలి. ఈ మార్పిడికి వాడే పాత ఎంజీఎల్ టూల్స్ పైథాన్ 2 కాలం నాటివి, వాటితో కుస్తీ పట్టేకన్నా ఇప్పుడు వస్తున్న మీకో అనే టూల్ వాడుకోవడం ఎంతో హాయి. అణువు విషయంలో ఒక్క హైడ్రోజన్ తేడా వచ్చినా కథ మారిపోతుంది. అదెలాగో ఇమాటినిబ్‌తో చెబుతాను.

ఇమాటినిబ్ రక్త క్యాన్సర్ మందు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాకి 2001లో అమెరికాలో అనుమతి పొందింది. ఏబీఎల్ అనే కైనేజ్ ఎంజైముని పట్టుకుంటుంది. ఆ జంట క్రిస్టల్ నిర్మాణానికి ప్రోటీన్ డేటా బ్యాంకులో కోడు 1ఐఈపీ. వీనా మాన్యువల్‌లో మొదటి పాఠం కూడా ఇదే, కొత్తవాళ్లకి నేను ఇచ్చే మొదటి పరీక్షా ఇదే. అణువుని గుంటలోంచి బయటికి తీసి, ఎటుపడితే అటు తిప్పి, మళ్లీ లోపల పెట్టమని వీనాకి ఇవ్వడం. బాక్స్ ఒక్కో వైపు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు.

అణువుల్ని తెర మీద చూపించే పైమాల్‌లో ఫలితాన్ని తెరిచి అసలు క్రిస్టల్ నిర్మాణం మీద పరిస్తే, మొదటి భంగిమ దాదాపు దాని మీదే పడుతుంది. పిరిడిన్ నైట్రోజన్ వెళ్లి ప్రోటీన్ గొలుసులో 318వ స్థానంలోని అమైనో ఆమ్లం మెథియోనిన్‌ని పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న అమైన్ 315వ థ్రియోనిన్‌తో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. ఈ థ్రియోనిన్ ఐసోల్యూసిన్‌గా మారితే మందు పనిచేయకుండా పోయే రోగులు ఉన్నారు, ఆ మ్యుటేషన్ పేరు టీ315ఐ. అమైడ్ భాగం ఒకవైపు 286వ గ్లుటమేట్‌కి, ఇంకోవైపు 381వ ఆస్పార్టేట్‌కి అందుతుంది. అటు చివర ఉన్న పైపరజీన్ రింగు 360వ ఐసోల్యూసిన్, 361వ హిస్టిడిన్‌ల కార్బొనిల్ ఆక్సిజన్ల దగ్గర ఆగుతుంది. ఆ రింగులోని నైట్రోజన్ శరీరంలో ప్రోటాన్ తీసుకుని ఉంటుంది. మనం తయారీలో ఆ హైడ్రోజన్ పెట్టడం మరిస్తే ఈ చివరి రెండు బంధాలూ వీనా కంటికి కనబడవు. నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఉంటేనే దాన్ని హైడ్రోజన్ బంధం ఇచ్చే చేయిగా లెక్కేస్తుంది, లేకపోతే లేదు. నిమిషాల్లో, ఒక ఉచిత ప్రోగ్రాం, ఏడు నైట్రోజన్లూ చాలా మలుపులూ ఉన్న అణువుని ఇంత చక్కగా తిరిగి దాని చోట్లో పెడుతుంటే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది.

ఇక్కడే ఒక సెట్టింగ్ గురించి చెప్పాలి. ఎగ్జాస్టివ్‌నెస్ అని ఉంటుంది. దాని డిఫాల్ట్ విలువ 8, అంటే వెతుకులాట ఎనిమిది సార్లు విడివిడిగా మొదలవుతుంది. మెషిన్‌లో పదహారు కోర్లు ఉన్నా 8 పెడితే సగం ఖాళీగానే కూర్చుంటాయి. ఇమాటినిబ్ లాంటి అణువుకి మాన్యువలే 32 పెట్టుకోమంటుంది. సీడ్ (వెతుకులాట ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే యాదృచ్ఛిక సంఖ్య) మారిస్తే భంగిమ మారిపోతోందంటే వెతుకులాట చాల్లేదని అర్థం, ముందు ఈ నంబరు పెంచి చూడాలి. బాక్స్ మరీ పెద్దదిగా గీసినా ఇదే గతి. ఘనపరిమాణం 27,000 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే వీనాయే హెచ్చరిస్తుంది. ప్రోటీన్ మొత్తానికి బాక్స్ గీసేసి ‘ఎక్కడ అతుక్కుంటుందో నువ్వే చూసుకో’ అని వదిలేసేవాళ్లు ఆ హెచ్చరికని చదవరు.

ఇప్పుడు ఆ ఇమాటినిబ్‌నే ఏబీఎల్ ఇంకో నిర్మాణానికి ఇవ్వండి. 2జీక్యూజీ అని, డసాటినిబ్ అనే ఇంకో మందుతో కలిపి తీసింది. అందులో ఎంజైము చురుగ్గా ఉన్న రూపంలో ఉంటుంది. 382వ ఫినైల్అలనిన్ వచ్చి సరిగ్గా ఇమాటినిబ్ చొరబడాల్సిన చోటే కూర్చుని ఉంటుంది. అసలు ఆ రూపంలో ఈ మందుకి అక్కడ జాగా లేదు. అయినా వీనా ‘ఇది ఇక్కడ పట్టదండీ’ అని చెప్పదు. ఎక్కడో ఓ అంచున ఆనించి, తొమ్మిది భంగిమలు, తొమ్మిది స్కోర్లు మర్యాదగా చేతిలో పెడుతుంది. ప్రోటీన్‌ని రాయిలా కదలకుండా ఉంచి లెక్కేస్తుంది కాబట్టి అది చేయగలిగింది అంతే. కొన్ని సైడ్ చెయిన్లని కదిలేలా పెట్టుకోవచ్చు గానీ, వెన్నెముక జరిగిపోయే ఇలాంటి మార్పు దానికి అందదు. రూపాన్ని ఎంచుకునే తెలివి మనదే అయ్యుండాలి.

సరే, స్కోరు సంగతి. అది మోల్‌కి కిలోక్యాలరీల్లో బంధం శక్తి అంచనా, ఎంత ఎక్కువ మైనస్ అయితే అంత గట్టిగా అతుక్కుంటుందని అర్థం. కొత్తగా చేరిన స్టూడెంట్ ఒకమ్మాయి పరుగున వచ్చింది. ‘మేడమ్, మైనస్ పదకొండున్నర వచ్చింది! ల్యాబ్ వాళ్లకి చెప్పేద్దామా?’

‘పోజు చూశావా?’

‘లేదు మేడమ్, స్కోరు చూశాను.’

‘ముందు తెరువమ్మా.’

తెరిస్తే అణువు మీది కార్బాక్సిలేట్ తిన్నగా వెళ్లి ప్రోటీన్‌లోని ఒక ఆస్పార్టేట్ పక్కన కూర్చుని ఉంది. రెండిటికీ రుణావేశమే, నిజంగా అయితే ఒకదాన్నొకటి ఆమడ దూరం తోసుకుంటాయి. వీనా స్కోరులో విద్యుదావేశానికి చోటే లేదు. పరమాణువులు సరైన దూరంలో ఉంటే మార్కులిచ్చే రెండు గాసియన్ పదాలు, ఒక వికర్షణ పదం, నీటిని తప్పించుకునే భాగాలు దగ్గరైతే ఒక పదం, హైడ్రోజన్ బంధానికి ఒక పదం, అణువులో ఎన్ని బంధాలు తిరుగుతాయో దాన్నిబట్టి ఒక కోత. ఇవే మొత్తం. ఆ ‘వికర్షణ’ కూడా పరమాణువులు ఒకదానిలోకి ఒకటి దూరిపోకుండా చూసేదే తప్ప ఆవేశాల సంగతి పట్టించుకోదు. ఇంత తక్కువ సామగ్రితో ఇంత పని చేయడం గొప్పే. కానీ ఇంత తక్కువ సామగ్రి నుంచి వచ్చిన నంబరుని దశాంశ స్థానాలతో సహా నమ్మితే పప్పులో కాలేసినట్టే.

ఎంత నమ్మొచ్చో తయారుచేసినవాళ్లే నిజాయితీగా రాశారు. 2010 పేపర్‌లోనే ఉంది, శక్తి అంచనాలో స్టాండర్డ్ ఎర్రర్ మోల్‌కి 2.85 కిలోక్యాలరీలు. చూడ్డానికి చిన్నదే. కానీ గది ఉష్ణోగ్రతలో 1.36 కిలోక్యాలరీల తేడా అంటే బంధం బలంలో పది రెట్ల తేడా. కాబట్టి 2.85 అంటే వంద రెట్లకి పైమాటే. లెక్క వేసి చూడండి. వీనా మైనస్ 9 అంటే పుస్తకం ప్రకారం దాదాపు 250 నానోమోలార్, ఈ గాఢత ఎంత తక్కువైతే బంధం అంత గట్టిది. ఆ ఎర్రర్ అటూ ఇటూ కలిపితే, నిజం 2 నానోమోలార్ దగ్గరా ఉండొచ్చు, 30 మైక్రోమోలార్ దగ్గరా ఉండొచ్చు. మొదటిది మందు అయ్యే యోగ్యత ఉన్న అణువు. రెండోదాన్ని ల్యాబ్‌లో రెండోసారి ఎవరూ తీసి చూడరు. అలాంటప్పుడు మైనస్ 9.2 వచ్చినది మైనస్ 8.9 వచ్చినదానికన్నా మంచిదని బార్ చార్ట్ గీసి పేపర్లో పెట్టడం ఏం సబబు? రోజూ అలాంటి చార్టులు నాకు రివ్యూకి వస్తూనే ఉంటాయి.

పైగా పెద్ద అణువులంటే ఈ స్కోరుకి పక్షపాతం. పరమాణువులు ఎక్కువైతే తగిలే చోట్లు ఎక్కువ, స్కోరు దానంతటదే కిందికి జారుతుంది. మొక్కల్లోంచి తీసిన, చక్కెర భాగాలు వేలాడే పెద్ద పెద్ద గ్లైకోసైడ్లు ఏ ప్రోటీన్‌కి ఇచ్చినా జాబితాలో పైకి వచ్చేది ఇందుకే. పసుపులోని కర్క్యుమిన్, మొక్కల్లో దొరికే క్వెర్సిటిన్ తీసుకుని కనబడ్డ ప్రతి ప్రోటీన్‌లో పెట్టి బోడిగుండుకీ మోకాలికీ ముడేయడం మా రంగంలో ఒక జాడ్యం. కర్క్యుమిన్ అయితే ప్రయోగశాల పరీక్షల్నే బురిడీ కొట్టించే రకం అణువని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వివరంగా వచ్చింది. డాకింగ్ బొమ్మలు ఆగలేదు.

2020లో ఇది శ్రుతి మించింది. కరోనా వైరస్‌లో ప్రోటీన్లని కోసే మెయిన్ ప్రోటియేజ్ ఎంజైము నిర్మాణం 6ఎల్‌యూ7 రాగానే, చేతిలో వీనా ఉన్న ప్రతివాళ్లూ ఏదో ఒక అణువుని అందులో పెట్టారు. ఆ నిర్మాణంలో ఉన్న ఎన్3 అనే నిరోధకం 145వ సిస్టైన్‌తో నేరుగా సమయోజనీయ బంధం కట్టుకుని ఉంది. తర్వాత మాత్రగా వచ్చిన నిర్మాట్రెల్విర్ కూడా అదే సిస్టైన్‌తో బంధం కడుతుంది. మామూలుగా నడిపితే వీనాకి అలాంటి బంధం తెలియదు, పక్కన ఆనుకుని ఉండడమే తెలుసు. అయితే ఒక న్యాయం చెప్పాలి. అదే ప్రోటియేజ్ మీద పనిచేసే ఎన్‌సిట్రెల్విర్‌కి తొలి అడుగు వర్చువల్ స్క్రీనింగ్‌లోనే పడింది. అది సమయోజనీయ బంధం కట్టదు. పద్ధతి మంచిదే, దాని వెనక అణువుల్ని పరీక్షించి, మార్చి, మళ్లీ పరీక్షించిన కెమిస్టులు ఉన్నారు. బొమ్మ దగ్గర ఆగిపోలేదు.

మరికొన్ని లోపాలు గబగబా. జింక్, ఇనుము లాంటి లోహాల్ని వీనా హైడ్రోజన్ బంధం ఇచ్చేవాటిగానే చూస్తుంది, వాటి చుట్టూ ఉండే జ్యామితి దానికి పట్టదు. జింక్ ఎంజైములకి ఆటోడాక్ 4లో వేరే ఏర్పాటు ఉంది, అదే వాడండి. చిన్న రింగులు మీరిచ్చిన రూపంలోనే ఉండిపోతాయి. సైక్లోహెక్సేన్‌ని పడవ రూపంలో ఇస్తే చివరిదాకా పడవే. బోరాన్ ఉన్న అణువు, క్యాన్సర్ మందు బోర్టెజోమిబ్ లాంటిది ఇస్తే ఆ పరమాణువు రకం తెలియదని ఆగిపోతుంది. బోరాన్ బదులు కార్బన్ పెట్టి నడిపేసేవాళ్లు ఉన్నారు, నాకు ఒళ్లు మండుతుంది. బోరాన్ లేకపోతే ఆ మందే లేదు.

వీనా తప్పు కాని ఒక ఫిర్యాదు కూడా ఉంది. లోపల వీనానే నడుపుతూ, పైన అందమైన బటన్లు పెట్టి అమ్మే ఒక ఆన్‌లైన్ సర్వీసు తీసుకున్నాం, పేరు అనవసరం. స్కోరుని ఏదో సూత్రంతో ‘బైండింగ్ సక్సెస్ 94 శాతం’ అని మార్చి పచ్చరంగులో చూపించేది. ఎగ్జాస్టివ్‌నెస్ ఎంత పెట్టారో, ఏ సీడ్ వాడారో అడిగితే సపోర్ట్ వాళ్ల దగ్గర సమాధానం లేదు. మానేశాం. ఉచితంగా దొరికే అసలు సరుకులో ప్రతి సెట్టింగూ కళ్లముందే ఉంటుంది కదా.

ఏఐ వచ్చాక ఇంకా వీనా ఎందుకని అడుగుతున్నారు. 2022లో డీప్ లెర్నింగ్‌తో డాకింగ్ చేసే డిఫ్‌డాక్ వచ్చినప్పుడు పాత డాకింగ్ పని అయిపోయిందన్నారు. తర్వాత పోజ్‌బస్టర్స్ అనే పరీక్ష పెట్టి చూస్తే, డీప్ లెర్నింగ్ పద్ధతులు ఇచ్చిన భంగిమల్లో చాలావాటికి బంధాల పొడవులు తేడాగా, పరమాణువులు ఒకదాన్లో ఒకటి చొచ్చుకుపోయి కనబడ్డాయి. శిక్షణలో చూడని ప్రోటీన్ల దగ్గర వీనా లాంటి పాతవే నిలబడ్డాయి. ఆ తర్వాత 2024లో ఆల్ఫాఫోల్డ్ 3 వచ్చి ప్రోటీన్, మందు కలిపి నిర్మాణం ఊహించడంలో చాలా ముందుకెళ్లింది, కాదనను. నేను మాత్రం మధ్యేమార్గంగా గ్నినా అనే ప్రోగ్రాం వాడుతున్నాను. వెతుకులాట వీనా వంశానిదే, చివర్లో భంగిమల్ని వరుసపెట్టేది న్యూరల్ నెట్‌వర్క్. వీనా కట్టిన పునాది అలా ఇంకొకరి ఇంటి కింద కూడా ఉంది.

మరి స్కోరు దేనికీ పనికిరాదా అంటే, జల్లెడగా పనికొస్తుంది. లక్షల అణువుల్లోంచి కొన్ని వందలు మిగుల్చుకోవడానికి. ఈ పని పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో 2019లో నేచర్‌లో వచ్చిన పని చూపించింది. వాళ్లు వాడింది వీనా కాదు, డాక్ అనే ఇంకో ప్రోగ్రాం. డోపమిన్ డీ4 గ్రాహకంలో 13.8 కోట్ల అణువుల్ని కంప్యూటర్‌లో పెట్టి చూసి, 549 అణువుల్ని నిజంగా తయారుచేయించి పరీక్షించారు. వాటిలో ఒకటి 180 పికోమోలార్ దగ్గర పట్టుకుంది. అందులో నాకు నచ్చింది ఆ ఆణిముత్యం కాదు. బాగా వచ్చిన స్కోర్లనే కాక, మధ్యస్థంగా వచ్చినవీ, చెత్తగా వచ్చినవీ కూడా తయారుచేయించి, స్కోరు దిగజారేకొద్దీ హిట్లు తగ్గుతాయో లేదో చూశారు. తగ్గాయి. అంటే గుంపు మొత్తం మీద స్కోరు నిజమే చెబుతుంది, ఒక్కో అణువు దగ్గరికి వచ్చేసరికి మాట తప్పుతుంది.

నా పద్ధతి చెబుతాను. ముందు తెలిసిన మందుని తీసి మళ్లీ పెట్టించి చూస్తాను, అది సరిగ్గా కూర్చోకపోతే ఆ ప్రోటీన్ మీద ఇంకేం నడపను. తర్వాత పనిచేయవని ఇప్పటికే తెలిసిన అణువుల్ని కూడా కలిపి నడుపుతాను. మంచివీ చెడ్డవీ కలగాపులగంగా వస్తే ఆ సెటప్ చెత్తబుట్టకే. ఆ గండం గడిచాక పైకొచ్చిన భంగిమల్ని ఒక్కొక్కటీ తెర మీద తిప్పి చూస్తాను. ల్యాబ్‌లో అణువుల్ని తయారుచేసే (సింథసిస్) సహోద్యోగి ఒకాయన్ని పక్కన కూర్చోబెట్టుకుంటాను. ‘మీ కంప్యూటర్‌కి నచ్చితే సరిపోదండీ, దీన్ని కట్టడానికి నాకు ఎన్ని మెట్లో చూశారా?’ అని ఆయన కొట్టేసినవి, స్కోరు ఎంత బాగున్నా పోతాయి. మిగిలినవాటికి మాలిక్యులర్ డైనమిక్స్ (పరమాణువుల కదలికని కంప్యూటర్‌లో నడిపి చూడడం), వీలైతే బంధం బలాన్ని మరింత జాగ్రత్తగా లెక్కగట్టే ఫ్రీ ఎనర్జీ లెక్కలు. ఆ తర్వాతే ల్యాబ్.

రేటింగ్ అంటే, భంగిమకి ఐదుకి నాలుగు. వేగానికి, లైసెన్సుకి ఐదుకి ఐదు. స్కోరుకి రెండు, అదీ జల్లెడ పట్టడం వరకే. డాక్యుమెంటేషన్‌కి మూడున్నర. 1.2 తర్వాత పాఠాలు చాలా మెరుగయ్యాయి, కానీ ఫలితాల పట్టికలో ఆ ఆర్ఎంఎస్‌డీ (రెండు భంగిమల మధ్య పరమాణువుల సగటు దూరం) గడుల తంటా అలాగే ఉంది. మొదటి వరుసలో ఎప్పుడూ సున్నా, సున్నా అని ఉంటుంది. అది వీనా తన మొదటి భంగిమని తనతోనే పోల్చుకున్న దూరం, క్రిస్టల్ నిర్మాణంతో పోల్చినది కాదు. వీనాకి క్రిస్టల్ నిర్మాణం ఏదో తెలియనే తెలియదు. ‘మా డాకింగ్‌లో ఆర్ఎంఎస్‌డీ సున్నా వచ్చింది, అంటే పక్కాగా సరిపోయింది’ అని రాసిన డ్రాఫ్టులు నా దాకా వచ్చాయి. పట్టిక పైన ‘ఇది మొదటి భంగిమ నుంచి దూరం’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని తర్వాతి వెర్షన్‌లో కాస్త పెద్దగా, కళ్లకి కొట్టొచ్చేలా పెడితే ఇంకో అర నక్షత్రం ఇస్తాను.